చిరుతబల్లికి మేత

బల్లి మీద బడినచో తలస్నానము చేసి, దీపము వెలిగించి, కంచిలో బంగారుబల్లిని ముట్టివచ్చిన వారెవరైన నున్నారా యని వీధివెంట విచారించు ఆచారము మన యిండ్లలో నేటికిని గలదు. అట్టి యింటికి బల్లియే గాజుపెట్టెలో గూర్చుండి అతిథియై వచ్చిన దినమున మా అత్తగారి ముఖమెట్లుండెనో సోదరీమణులు ఊహించుకొనవలెనే గాని మేము వర్ణింపజాలము. రెండేండ్ల క్రిందట మా చెల్లెలి కుమారుడు పైచదువునకై దూరదేశము పోవుచు, తాను ముద్దుగా బెంచుకొనుచున్న చిరుతబల్లిని గుంటూరిలోని మా యింట విడిచిపోయెను. "పెద్దమ్మా, దీనికి అన్నం పెట్టవద్దు, పాలు పోయవద్దు. బ్రతికున్న పురుగులే తింటుంది" అని చెప్పి వాడు రైలెక్కెను. ఏ పురుగులో, ఎన్ని పురుగులో, అవి యెచ్చట దొరకునో చెప్పుటకు వానికి తీరిక లేకపోయెను. ఆ సంగతి మేము కష్టముమీద నేర్చుకొంటిమి. బిడ్డల పట్టుదలచేత ఈ జంతువును దెచ్చుకొనుచున్న యిండ్లు ఇప్పుడు పట్టణములలో గొన్ని యున్నవి గనుక, ఆ తల్లులకు మా యనుభవ మక్కరకు వచ్చునేమో యని యిది వ్రాయుచున్నాము.

లెపర్డ్ గెకో యనబడు ఈ జంతువు మన గోడబల్లికి దూరపు చుట్టము. పసుపుపచ్చని మేనిపై నల్లని మచ్చలుండుటచే నాపేరు వచ్చినది. అఫ్గనిస్థానము, పాకిస్థానము, మన దేశపు వాయవ్య భాగము, ఈ యెండుకొండల సీమలు దాని పుట్టినిల్లు. గోడబల్లికి రెప్పలు లేవు; దీనికి గలవు, నిద్రలో మనవలెనే కన్నులు మూసికొనును. వ్రేళ్ళకు అంటుకొను గుణము లేనందున గోడ నెక్కజాలదు. లావైన తోకలో క్రొవ్వు దాచుకొని, మేత లేని దినములలో దానిని గరిగించుకొని బ్రదుకును. కావున తోకను జూచియే దాని యారోగ్యమును జెప్పవచ్చును. చక్కగా పోషించినచో పదునైదు, ఇరువది యేండ్లు జీవించును. మన తూర్పుకనుమలలో దీని దాయాదులు గలవు. 2022లో శాస్త్రజ్ఞులు అచ్చటి యొక జాతిని క్రొత్తగా గుర్తించి యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరిడిరి. వానిని జూచి యానందింపవలెనే గాని పట్టి తేరాదు. అడవిలోని జీవమును దెచ్చి పెట్టెలో బెట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో కోరి పేచీ తెచ్చుకొనుటయే. పెంపకమున బుట్టిన పిల్లనే, తగిన పత్రములు చూచుకొని తెచ్చుకొనవలెను.

ఇక మేత సంగతి. ఆకు గాని పండు గాని అన్నము గాని యిది ముట్టదు. కదలెడి పురుగే దాని కాహారము. ఇది విని మేము మొదట నవ్వుకొంటిమి. గుంటూరు, ప్రకాశము సీమల నల్లరేగడిలో బుట్టి పెరిగినవారము, పురుగునకేమి కరవు? ప్రత్తిచేనిలో పచ్చదోమ, తెల్లదోమ, శనగపచ్చపురుగు, గులాబిరంగు పురుగు. మిరపతోటలో తామరపురుగు, పొగాకు లద్దెపురుగు. ఈ పురుగులతో బోరాడుటలోనే మా పుట్టింటివారి తరములు గడచినవి. ఇన్నాళ్ళు మన పంట తిన్నవానిని ఇప్పుడొక బల్లి తినునన్న మాట మాకు చెవుల కింపుగా నుండెను.

చిలకలూరిపేట వైపున మా బంధువులకు మిరపచేను గలదు. అచ్చటినుండి వచ్చిన యొక బాలుడు సీసానిండ మిడతలను దెచ్చి యిచ్చెను. "పొద్దున్నే గట్టుమీద కూర్చుని ఉన్నాయండీ, చేత్తో ఏరుకొచ్చాను" అని గర్వముగా జెప్పెను. ఆ రాత్రి బల్లి నాలుగు మిడతలను ఆవురావురుమని మ్రింగెను. మేము తృప్తిపడి పండుకొంటిమి. తెల్లవారి చూడగా అది ప్రక్కకు వాలి, కాళ్ళు వణకుచు, మెడ వెనుకకు వంగి, నోట చొంగ గారుచు నుండెను. పెట్టె నెత్తుకొని పశువైద్యునియొద్దకు బరుగెత్తితిమి. ఆయన చూచి, సూదిమందు వేసి, "చేనిలోని పురుగు పెట్టారా?" అని యొక్కటే ప్రశ్న యడిగెను. విచారింపగా, మిడతలను పట్టుటకు ముందటి దినముననే ఆ చేనికి మందు కొట్టిరని తెలిసినది. బల్లి మూడు దినములు కన్ను తెరువలేదు. పదునొకండు దినములు మేత ముట్టలేదు. దాని తోక తాడువలె సన్నగిల్లినది. దూరదేశముననున్న పిల్లవాడు ఫోను చేసినపుడెల్ల మేము మాట మార్చి యబద్ధమాడితిమి. అది బ్రదికినది గాని ఆ పదునొకండు దినములు మాకు మరపునకు రావు.

పిదప దీనినిగూర్చి యాలోచింపగా మాకొక సంగతి తట్టినది. మిడతను చేతితో నెవరైన నేరుకొని రాగలరా? ఆరోగ్యముగల మిడత చేయి చాచిన మాత్రమున ఎగిరిపోవును. ఏరుకొనుటకు దొరకిన దనగా, సగము చచ్చిన దన్నమాట. పురుగుమందులలో పెక్కు నరములపై బనిచేయునవి. నరమునుండి కండకు సందేశము పోయిన పిదప దానిని నిలుపుటకు శరీరమున నొక రసాయనము గలదు; ఆర్గానోఫాస్ఫేటు మందులు దానిని బనిచేయనీయవు. సందేశము ఆగక కండ వణకుచునే యుండును. పురుగునందును బల్లియందును మనుష్యునియందును ఆ రసాయనము గలదు. కావున చేనిలో చేతికి సులభముగా జిక్కు పురుగే అన్నిటికంటె నపాయకరమైనది. పోనీ చురుకుగా దుముకుచున్న దానిని బట్టి పెట్టుదుమా యనిన, అదియు నమ్మరానిదే. మందునకు అలవాటుపడి చావని పురుగులు ఈ సీమలోనున్నవని ఇచ్చటివారికి వేరుగ జెప్పనక్కరలేదు. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిచేలపై తెల్లదోమ విరుచుకొనిపడెను. దాని వెనుకనే శనగపచ్చపురుగు, అప్పటి క్రొత్తమందులైన పైరిత్రాయిడ్లకు గూడ లొంగక, 1987లో పంటను తుడిచిపెట్టెను. అప్పులపాలైన రైతులలో గొందరు ఆ మందునే త్రాగి ప్రాణములు విడిచిరి. మా పుట్టింటి వీధిలో ఆ యేడు సంక్రాంతికి ముగ్గులు వేయని యిండ్లు మాకింకను గుర్తున్నవి. ఎండోసల్ఫానును సర్వోన్నత న్యాయస్థానము 2011లో నిలిపివేసినది. అయినను మందుల డబ్బాలు తరుగలేదు. 2021-22లో నల్లతామరపురుగు మిరపపూవులలో దూరి తోటలను నాశనము చేయగా, రైతులు దిక్కుతోచక ఒకదానిపై నొకటిగా మందులు గుమ్మరించిరి. చావని పురుగు విషము లేని పురుగని యెంచరాదు.

బల్లి సంగతి యట్లుండ, ఆ చేనిలోనే మన స్త్రీలు తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు వంగి మిరపకాయలు కోయుదురు. కొంగున మూటగట్టుకొని వచ్చి, ఆ కొంగుతోనే బిడ్డ మూతి తుడుతురు. నాలుగు మిడతలు తిన్న బల్లిని జూచిన పిదప, మా బంధువుల యింట కోతకు వచ్చు ఆడువారితో మేము మాటాడితిమి. మందు కొట్టిన మరునాడు చేనిలోనికి దిగిన తల తిరుగుట, వాంతులగుట వారికి వింత గాదు. "ఎండదెబ్బ" అని మజ్జిగ త్రాగి మరల దిగుదురట. మందు కొట్టిన పిదప డబ్బాపై వ్రాసియున్న గడువు వరకు చేనిలోనికి దిగరాదనియు, పనిబట్టలను వేరుగ నుతుకుకొనవలెననియు వారికి జెప్పినవారు లేరు. మరుసటి కోతనుండి మా బంధువులు ఆ గడువు పాటించుచున్నారు. రెండు దినములు కోత యాలస్యమైన గొప్ప నష్టమేమియు రాలేదు.

మందు లేనిచోటి పురుగులలోను కొన్ని తగవు. జిల్లేడుచెట్లపై పసుపు, నీలము పట్టెలతో మెరయు పెద్దమిడత యొకటి యుండును. అది జిల్లేటిపాల విషమును తన మేన దాచుకొనును. కంది, బెండ, ప్రత్తి పూవులను దినుచు దిరుగు ఎరుపు నలుపు పట్టెల పెంకుపురుగు నలిగినచో మన చర్మమే బొబ్బలెక్కును. కడుపులోనికి బోయిన నేమగునో చెప్పనేల? మిణుగురును ఎన్నడును పెట్టరాదు. అమెరికాలో పెంపుడు తొండలు మిణుగురు పురుగును మ్రింగి చనిపోయిన యుదంతములను పశువైద్యులు గ్రంథస్థము చేసిరి. గొంగళిపురుగులు, రోకలిబండలు, తొలకరిలో కనబడు ముద్దులొలుకు ఆరుద్రపురుగులు ఇవన్నియు వర్జ్యములే. ప్రకృతి యెఱ్ఱగా, పచ్చగా రంగులు పూసి పంపిన పురుగు "నన్ను దినకుము" అని చెప్పుచున్నదని గ్రహించిన చాలును. ఇంటి బొద్దింకయు బనికిరాదు. అది యే వంటింటిలో ఏ మందు నాకి వచ్చినదో యెవరెరుగుదురు? తొలివానకు లేచు ఉసిళ్ళను మాత్రము మా పెరటిలోనివి, చెదలమందు పడని నేలనుండి వచ్చినవి, ఏటికొకసారి రెండు మూడు పెట్టుదుము. అవి క్రొవ్వుముద్దలు, పండుగపిండివంట వంటివి.

మేము చివరకు కుదుర్చుకొన్న మేత ఇలకోడి; కొందరు కీచురాయి యందురు. పెంపుడు పురుగులను అమ్మువారియొద్ద ఏబదింటిని దెప్పించి, మూతకు సన్నని వల బిగించిన పెద్ద ప్లాస్టిక్కు డబ్బాలో విడిచితిమి. లోపల కోడిగ్రుడ్ల అట్టలు నిలువుగా బేర్చిన అవి దాగుటకు చోటు దొరకును. ఒక గిన్నెలో తడిపిన కొబ్బరిపొట్టు నుంచవలెను. ఆడుపురుగునకు వెనుక సూదివంటి గొట్టముండును. దానిని పొట్టులో గ్రుచ్చి గ్రుడ్లు పెట్టును. మన సీమ వెచ్చదనమునకు రెండు వారములలోపే చీమలంతటి పిల్లలు లేచును. అవి పెరిగి పెద్దవగుటకు నెలన్నర, రెండు నెలలు పట్టును. నీటిగిన్నె పెట్టిన మునిగి చచ్చును. దోసకాయముక్కయో, తడిపిన దూదియో చాలును. వైశాఖమాసపు వడగాలులకు డబ్బాను నీడను, గాలి తగులుచోట నుంచకున్న నొక్క మధ్యాహ్నమునకే యన్నియు చచ్చును. మాకట్లయ్యెను. ఆ దుర్గంధమును గూర్చి వ్రాయము.

మగ ఇలకోడి రాత్రులందు పాడును. ఒకసారి మూత సరిగా బడక పదింటివరకు తప్పించుకొని వంటింటిలో స్థిరపడినవి. పది రాత్రులు మా యింట కచ్చేరి సాగినది. మా మామగారు తాను పల్లెలో పండుకొన్నట్లున్నదని సంతోషించిరి. అత్తగారు మాత్రము చీపురుతో ఆ సంగీతమును ముగించిరి.

పాట పాడనిదియు, దుమకనిదియు గావలెనన్న మీల్‌వర్మ్ అను తవుటిపురుగు గలదు. గోధుమతవుడు మూడు వ్రేళ్ళ మందమున బోసి పురుగులను విడిచి, పైన క్యారటుముక్క యుంచిన నదియే పెరుగును. కొన్నాళ్ళకు కోశమై, పిదప నల్లని పెంకుపురుగై మరల గ్రుడ్లు పెట్టును. మన తల్లులు బియ్యపుడబ్బాలో వేపాకు వేసి, ఎండబోసి, చెరిగి తరిమిన పురుగుల జాతిదానినే మేము తవుడు పోసి పెంచుట చూచి అత్తగారు నుదురు కొట్టుకొనిరి. ఆమెకు మేమొక సంగతి చెప్పితిమి: బియ్యములో గూళ్ళు గట్టు పురుగును జొన్ననూకలో వేలకొలది పెంచు ప్రయోగశాలలు మన రాష్ట్రమున గలవు. ఆ పురుగు గ్రుడ్లపై ట్రైకోగ్రామా యను కంటికానని కందిరీగ తన గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్ల నంటించిన అట్టముక్కలను ప్రత్తియాకులకు గట్టిన, కందిరీగలు లేచి కాయతొలుచు పురుగుల గ్రుడ్లను నాశనము చేయును. ఒక యింటి శత్రువు ఒక చేనికి మిత్రుడగుట విని ఆమె కొంత శాంతించెను. తవుటిపురుగు పెంకు గట్టిది గనుక చిన్నపిల్లకు తెల్లగా, మెత్తగా నున్నపుడే, అనగా కుబుసము విడిచిన వెంటనే, పెట్టుట మేలు.

పట్టుపురుగు దొరకిన అదృష్టమే. మెత్తనిది, నీరు గలది, క్రొవ్వు తక్కువది. హిందూపురము, మదనపల్లె వైపున పట్టురైతులు గలరు గాని మన ప్రత్తిసీమకు తెచ్చుటయే కష్టము. మందు తగిలిన మల్బరీయాకు దిన్న నీ పురుగు తానే ముందుగ చచ్చును. కావున చురుకుగా నాకు మేయుచున్న పట్టుపురుగు చాలవరకు శుభ్రమైన మేతయని నమ్మవచ్చును. బ్లాక్ సోల్జర్ ఫ్లై యను ఈగ పిల్లపురుగును ఇప్పుడు అమ్ముచున్నారు. ఎముకలకు గావలసిన కాల్షియము దానిలో సహజముగనే యుండుట దాని గొప్ప. తేనెపట్టులో పెరుగు మైనపుపురుగు రుచిగలది గాని వట్టి క్రొవ్వు. దాని రుచి మరగిన బల్లి మరియొక దానిని ముట్టక అలుగును, బిడ్డలకు మిఠాయివంటిది.

కాల్షియము సంగతి మాత్రము సోదరీమణులు శ్రద్ధగా వినవలెను. ఇలకోడియందును తవుటిపురుగునందును భాస్వరము మెండు, కాల్షియము బహు స్వల్పము. వానిని మాత్రమే తిన్న బల్లి తన యెముకలలోని కాల్షియమును దీసికొని బ్రదుకును. క్రమముగా దవడ రబ్బరువలె సాగును, కాళ్ళు వంగును, నడువజాలక ప్రాకులాడును. చూచుటకు దుర్భరమైన జబ్బు. దీనికి రెండు ఉపాయములు. మొదటిది, పురుగును పెట్టుటకు ముందొక దినము దానికే మంచి మేత పెట్టవలెను. మేము మునగాకును, రాగిపిండిని పెట్టుచున్నాము. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియముండును. మునగాకు దానికి దీసిపోదు. పురుగు కడుపులోని మేతయే బల్లి కడుపులోనికి బోవును. రెండవది, పురుగును చిన్నసంచిలో వేసి కాల్షియముపొడి చల్లి, పిండిలో దొర్లించిన అప్పమువలె దొర్లించి పెట్టుట. కోడిగ్రుడ్ల పెంకులను బాగుగా మరిగించి, ఎండబెట్టి, మెత్తగా నూరి, వస్త్రగాలితము చేసిన పొడి యిందుకు చక్కగా బనికివచ్చును. అయితే కాల్షియము వంటబట్టుటకు డి3 విటమిను గావలెను. అది పెంకులలో లేదు గనుక వారమున కొకటి రెండు మార్లు డి3 కలిసిన పొడిని కొనియే వాడుచున్నాము.

ఇచ్చట నొక హెచ్చరిక. కాల్షియమనగా సున్నమే గదా యని మా పొరుగింటి యిల్లాలు తాంబూలపు సున్నమును ఎండబెట్టి చల్లబోయెను. వెంటనే వారించితిమి. తడిసున్నము తినివేయు గుణము గలది. ఆకు వక్కలతో గొంచెమెక్కువైన మన నాలుకయే పొక్కును గదా. బల్లి లేతనోటి కది నిప్పు. గ్రుడ్డుపెంకు వేరు, తాంబూలపు సున్నము వేరు.

పెట్టవలసిన పురుగు బల్లి రెండు కన్నుల నడుమనున్న దూరముకంటె లావుగా నుండరాదు. పిల్లకు ప్రతిదినము, పెద్దదానికి రెండు మూడు దినముల కొకమారు, ప్రొద్దుగ్రుంకిన పిదప పెట్టవలెను. పావుగంటలో దిననివానిని దీసివేయవలెను. ఆకలిగొన్న ఇలకోళ్ళు నిద్రించు బల్లి వ్రేళ్ళను గొరుకును. పెట్టెలో నొక మూల వెచ్చగా నుండనిదే దిన్నది యరుగదు. బల్లిని, పురుగులను ముట్టిన చేతులను సబ్బుతో గడుగుకొనకుండ వంటపని చేయరాదు. బల్లిజాతుల మలమున సాల్మొనెల్లా యను సూక్ష్మజీవి యుండవచ్చును. ఐదేండ్లలోపు బిడ్డలుగల యింట నీ జంతువు వలదనియే మా యభిప్రాయము.

చిలకలూరిపేట వైపు మా బంధువుల కోడలు స్వయంసహాయక సంఘమున సభ్యురాలు. 2016 నుండి మన రాష్ట్రమున సాగుచున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమమున జేరి, ఆమె నిరుడు అరయెకరము మిరపను వేపకషాయముతోను జీవామృతముతోను పెంచినది. కాయ చిన్నది, దిగుబడి కొంత తగ్గినది, ఆమె మగడింకను సణుగుచున్నాడు. ఆ మడిగట్టుపై మిడతను బట్టుటకు మేమే స్వయముగా ప్రయత్నించితిమి. అరగంటసేపు కొంగు బిగించి పరుగులెత్తినను ఒక్కటియు చేతికి జిక్కలేదు. ఆ కోడలు గట్టుపై నిలిచి పకపక నవ్వెను.

అయినను మేము చేనిపురుగును మరల పెట్టలేదు. ఇలకోళ్ళ డబ్బా ఇప్పుడు పెరటి వసారాలో నున్నది. అత్తగారే గ్రుడ్డుపెంకులు నూరి సీసాలో బోయుచున్నారు, బల్లి ముఖము మాత్రము చూడరు. మొన్న గారాబమైన ఆ పిల్లవాడు ఫోనులో బల్లిని జూపుమనెను. జూపితిమి. కొంతసేపు మాటాడక చూచి, "తోక లావెక్కిందే పెద్దమ్మా" అనెను.